సెకండ్ హ్యాండ్ కెమెరా అమ్మిన 9 నెలలకి పోయింది, అమ్మినాయన డబ్బు తిరిగివ్వాలా?

#1 కొబ్బరాకు
నమస్కారమండి. ఇద్దరి మధ్య తగువు. ఇద్దరూ ఒప్పుకునే ఇక్కడ పెట్టమన్నారు. పేర్లు అనవసరం. భీమవరం వైపు ఆయన అమ్మారు, అమలాపురం వైపు ఆయన కొన్నారు. ఇద్దరూ పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లే.

సరుకు నికాన్ డి750 బాడీ (లెన్స్ లేని కెమెరా), 24-120 ఎఫ్/4 లెన్స్, రెండు బ్యాటరీలు, ఛార్జరు. అన్నీ కలిపి 58,000. బేరం మాఘమాసంలో రావులపాలెంలో తెగింది. రసీదు లేదు, ఫోన్‌లో డబ్బు కొట్టిన దాఖలా ఉంది. వాట్సాప్‌లో అమ్మినాయన రాసిన ముక్కలు రెండు: "షట్టర్ కౌంట్ లక్షా పన్నెండు వేలు" (అంటే అప్పటిదాకా కొట్టిన క్లిక్కుల లెక్క), "ఏ కంప్లయింటూ లేదు".

ఇప్పుడు కార్తీకం. పై డిస్‌ప్లేలో ఎర్రర్ కొట్టుకుంటోంది, క్లిక్ పడటం లేదు. లెన్స్‌లో బూజు తీగలు కూడా కనబడ్డాయి. కొన్నాయన సగం డబ్బు, అంటే 29,000 అడుగుతున్నారు. అమ్మినాయన "తొమ్మిది నెలలు వాడుకుని ఇప్పుడొచ్చి అడగటమేంటి" అంటున్నారు. ఎవరిది న్యాయం?

#2 షట్టర్ మాస్టారు
న్యాయం తర్వాత చూద్దాం. ముందు పోయింది ఏదో తేలాలి. ఆ ఎర్రర్ బాడీదే అని ఎవరు తేల్చారండి? 24-120 ఎఫ్/4 లెన్స్‌లో అపెర్చర్‌ని, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని (ఎఫ్/4, ఎఫ్/8 అనేవి దాని కొలతలే), బాడీలోని చిన్న మీట కదుపుతుంది. లెన్స్ వైపు మీట బిగుసుకున్నా అదే ఎర్రర్ వస్తుంది.

ఇలా చేయించండి. బ్యాటరీ నిండా ఛార్జ్ పెట్టి, లెన్స్ తీసేసి, మోడ్ ఎం (మాన్యువల్) లో పెట్టి షట్టర్ స్పీడు 1/60 సెకనులో నొక్కమనండి. ఎర్రర్ పోతే తప్పు లెన్స్‌ది. పోకపోతే సెటప్ మెనూలో సెన్సార్ శుభ్రం చేయడానికి అద్దం పైకి లేపే ఆప్షన్ ఉంటుంది, దాంతో లేపి లోపలికి టార్చి కొట్టి చూడాలి. షట్టర్ రేకులు (క్లిక్ కొట్టినప్పుడు తెరిచి మూసే పల్చని పలకలు) సరిగ్గా ఒకదాని మీద ఒకటి మడత పడి ఉన్నాయా, ఒకటి వేలాడుతోందా, వంగిందా. వేలు మాత్రం పెట్టొద్దు. ఆ రేకులు కాగితం కంటే సున్నితం, వేలి చమురు అంటినా చాలు బిగుసుకుపోతాయి.

#3 యానాం గాలి
ఇందులో చూసేదేముంది. నికాన్ డి750 షట్టర్‌ని లక్షా యాభై వేల క్లిక్కులకి పరీక్షించామని చెప్పింది. కొన్నప్పుడు లక్షా పన్నెండు. అంటే ఇంకా 38,000 రావాలి. రాలేదంటే చెడ్డ సరుకు అంటగట్టినట్టే.

#4 షట్టర్ మాస్టారు
ఆ లెక్క తప్పు బాబూ. లక్షా యాభై వేలు అనేది కంపెనీ తన పరీక్షలో నడిపి చూసిన సంఖ్య. ప్రతి కెమెరాకీ అంతవరకు హామీ అని కాదు. కొత్త కెమెరాకైనా అన్ని క్లిక్కులు వచ్చి తీరతాయని మాట ఇచ్చినట్టు కాదు. 80 వేలకి పోయిన షట్టర్లున్నాయి, మూడు లక్షలు దాటినవీ ఉన్నాయి. షట్టర్ అంటే స్కూటర్ బ్రేకు లైనింగ్ లాంటిది, అరిగే సామాను.

ఇంకోటి, డి750 షట్టర్ల మీద నికాన్ 2015లో ఒక ప్రకటన చేసింది. కొన్ని కాలాల్లో తయారైన వాటిలో షట్టర్ సరిగ్గా పనిచేయక ఫొటోలో కొంత భాగం నీడ పడుతోందని ఒప్పుకుని ఉచితంగా బాగుచేసింది. తర్వాత ఆ పరిధి పెంచింది కూడా. కాబట్టి ఈ బాడీ సీరియల్ నంబరు ఆ జాబితాలోదా, పని చేయించారా అన్నది అడగాల్సిన ప్రశ్న.

#5 ప్లీడరు వీధి
చట్టం సంగతి చెబుతాను. మన దగ్గర చాలామంది వినియోగదారుల కోర్టు అనేస్తారు. ఆ దారి ఇక్కడ దాదాపు మూసుకున్నట్టే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అమ్మకాన్ని వ్యాపారంగా చేసేవాడి మీద పనిచేస్తుంది. ఒక ఫొటోగ్రాఫరు తన సొంత కెమెరా ఒకటి ఇంకో ఫొటోగ్రాఫరుకి అమ్మితే ఆయన వ్యాపారి కాడు. అదే పాత కెమెరాలు కొని అమ్మే షాపు అయితే లెక్క మారుతుంది. అప్పుడు కారణం ఏర్పడిన రోజు నుంచి 2 ఏళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి, కొన్నవాడు ఉండే చోటే వేసుకోవచ్చు, సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. పెళ్లిళ్ల సంపాదనకి కొన్నాం కదా, వ్యాపార వినియోగం అని కొట్టేస్తారేమో అని భయపడనక్కర్లేదు. తన చేతిపనితో తాను బతకడానికి కొన్నదైతే చట్టం దాన్ని వ్యాపారం కింద లెక్కపెట్టదు. పదిమంది కుర్రాళ్లని పెట్టి నడిపే స్టూడియో అయితే వాదన కష్టం.

మామూలు మనిషి నుంచి మామూలు మనిషి కొంటే వర్తించేవి రెండు: 1930 వస్తు విక్రయ చట్టం, 1872 కాంట్రాక్టు చట్టం. వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం నాణ్యత మీద దానంతటదే పుట్టే హామీ అంటూ లేదు. మినహాయింపులున్నాయి, ముఖ్యమైనది ఆ రకం సరుకు అమ్మడమే పనిగా ఉన్నవాడి దగ్గర వివరం చూసి కొన్నప్పుడు. అక్కడ కూడా కొన్నవాడు పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపానికి హామీ ఉండదు.

అంటే వ్యక్తికి వ్యక్తి బేరంలో మిగిలేది ఒక్కటే: అమ్మినవాడు ఏం చెప్పాడు, చెప్పినప్పుడు అతనికేం తెలుసు.

#6 యానాం గాలి
అంటే నోరు మూసుకుని అమ్మేస్తే సరిపోతుందన్నమాట?

#7 ప్లీడరు వీధి
కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో ఉత్త మౌనం మోసం కాదనే ఉంది. అయితే తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని దాచడం మోసమే. తేడా చెబుతా. లెన్స్‌లో గీత ఉంది, మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు: మౌనం. ఆ గీత కనబడకుండా నల్ల ఇంకు పూశాడు: దాచడం. "కంప్లయింట్ లేదు" అని నోటితో అన్నాడు, తనకి ఉందని తెలుసు: అబద్ధం. ఇక్కడ ఆ రెండు ముక్కలు రాతలో ఉన్నాయి కాబట్టి మౌనం సంగతే రాదు. "ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నా" అని రాసుకున్నా తెలిసి ఆడిన అబద్ధానికి అది గొడుగు పట్టదు.

గడువు చూస్తే, మాట తప్పినందుకు సివిల్ దావాకి 3 ఏళ్లు. మోసమైతే అది తెలిసిన రోజు నుంచి లెక్క. కాబట్టి తొమ్మిది నెలలు దాటాయన్నది అమ్మినాయనకి అడ్డుగోడ కాదు. కానీ లోపం ఆ తొమ్మిది నెలల్లో వచ్చింది కాదని చూపించే భారం కొన్నాయనదే.

పోలీసు కేసు అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మోసం కేసు నిలవాలంటే బేరం నాడే దురుద్దేశం ఉందని చూపాలి. అరిగిన షట్టర్‌తో అది తేలదు.

#8 గట్టు మీద కెమెరా
షట్టర్ మాస్టారి మాటకి తోడు ఒకటి. షట్టర్ చచ్చేముందు సాధారణంగా జాడ చూపిస్తుంది. రెండు కర్టెన్లలో (రేకుల వరసలు, ఒకటి తెరుస్తుంది, ఒకటి మూస్తుంది) ఒకటి నెమ్మదిస్తే పై స్పీడుల్లో ఫొటోకి ఒక అంచున నీడ పట్టీ పడుతుంది. 1/125లో తీసేవాడికి అది కనబడదు. కల్యాణ మండపంలో ఎవరు 1/4000 పెడతారండి, అక్కడ అంతా ఫ్లాష్, 1/200 దాటరు. కాబట్టి అమ్మినాయనకి తెలియకపోయే అవకాశం కూడా గట్టిగానే ఉంది.

ఇది తేల్చే పని తేలిక. బేరం జరిగిన వారంలో కొన్నాయన పగటి ఎండలో తీసిన ఫైళ్లు వెతకమనండి. ఆకాశం లేదా తెల్లగోడ ఉన్నవి, 1/2000 పైన తీసినవి. నీడ పట్టీ ఉంటే లోపం అప్పటికే ఉంది. లేకపోతే ఆ రోజుకి షట్టర్ బాగానే ఉంది.

అవే ఫైళ్లలో కౌంట్ కూడా దొరుకుతుంది. నికాన్ ప్రతి ఫైల్ లోపలా ఆ నంబరు రాస్తుంది, ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో చదవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలన్నీ చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితేనే ఉంటాయి. కానన్‌లో చాలా మోడళ్లకి కౌంట్ ఫైల్‌లో ఉండదు, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో బాడీ నుంచే చదవాలి. కౌంట్ ఒక్కటే నమ్ముకోకండి కూడా. సర్వీసింగ్‌లో దాన్ని మళ్లీ సున్నా చేసే వీలుంది.

#9 చెరువుగట్టు
బూజు గురించి ఎవరూ మాట్లాడలేదు. మన డెల్టాలో అసలు తగువంతా దాంతోనే.

గాలిలో తేమ 60 శాతం దాటి నిలిచిందంటే బూజుకి పండగ. మన దగ్గర ఆషాఢం నుంచి కార్తీకం దాకా బీరువాలో కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. చుట్టూ కాలవలు, చెరువులు, వరి మళ్లు. కెమెరాని తోలు సంచిలో పెట్టి బీరువాలో తోసేస్తే నాలుగు నెలలు చాలు. కాబట్టి మాఘంలో శుభ్రంగా ఉన్న లెన్స్‌లో కార్తీకానికి బూజు కనబడటం మామూలే. ఒక్క బూజు చూసి అమ్మినవాణ్ణి పట్టుకోలేం.

కానీ పాత బూజో కొత్త బూజో చెప్పే గుర్తులున్నాయి. లెన్స్ విప్పి తుడిచాక గాజు మీద ఏ మచ్చా మిగలకపోతే కొత్తది. తుడిచినా తీగల ఆకారంలో మచ్చ మిగిలితే, ఆ బూజు వదిలిన ఆమ్లం గాజు మీది పూతని (కోటింగ్‌ని) తినేసింది, అది పాత కాపురం. టార్చిని ఏటవాలుగా పట్టి చూస్తే ఆ మచ్చ వేరే రంగులో మెరుస్తుంది. ఇంకో గుర్తు స్క్రూలు. లెన్స్ వెనక మౌంట్ (బాడీకి తగిలించే రింగు) స్క్రూల తలలు చూడండి. ఫ్యాక్టరీలో బిగించినవి పదునుగా ఉంటాయి. ఒకసారి విప్పినవాటి గాడి అంచు అరిగి మెరుపు కనబడుతుంది.

మెకానిక్ దగ్గరికి పంపేముందు ఆ స్క్రూలకి దగ్గర్నుంచి ఫొటో తీసి పెట్టుకోమనండి. తర్వాత ఎవరు విప్పారో తెలియదు.

#10 ఇసుకలంక
ఉప్పు గాలి కూడా చూడండి. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ బీచిలో తీసిన సామానుకి ట్రైపాడ్ బిగించే రంధ్రం, ఫ్లాష్ పెట్టే పట్టాల కింద, బ్యాటరీ గదిలోని పళ్లు చూడాలి. ఎర్ర తుప్పు అంటే ఇనుము, ఆకుపచ్చ పూత అంటే రాగి. ఆకుపచ్చ కనబడితే లోపలికి నీరో ఉప్పో చేరింది. 2022 జూలై వరద తర్వాత లంకల వైపు నీళ్లలో మునిగిన సామాను ఎండబెట్టి అమ్మిన వాళ్లుంటారు. వరద నీటి గుర్తు ఒండ్రు. జూమ్ రింగు రబ్బరు ఒక అంచున లేపితే కింద సన్నని బూడిద రంగు మట్టి గీత ఉంటుంది. పైన ఎంత తుడిచినా అక్కడ తుడవరు.

#11 కొబ్బరాకు
ఫలితాలొచ్చాయండి.

లెన్స్ తీసినా ఎర్రర్ అలాగే ఉంది. అద్దం లేపి చూస్తే కింది రేకు ఒకటి ఊడి ఏటవాలుగా వేలాడుతోంది.

కౌంట్: బేరం రోజు కొన్నాయన తీసిన మొదటి ఫైల్‌లో 1,12,408. ఆఖరి ఫైల్‌లో 1,49,870. అంటే కొన్నాయన 37,462 తీశారు.

బేరం అయిన నాలుగో రోజు దిండిలో తీసిన ప్రీవెడ్డింగ్ ఫొటోలు దొరికాయి, 1/4000లో ఆకాశం ఉన్నవి ఆరు. ఆరింటిలోనూ నీడ పట్టీ లేదు.

లెన్స్ వెనక స్క్రూలు ఫొటో తీశాం. నాలుగింటిలో మూడింటికి గాడి మెరుస్తోంది.

#12 షట్టర్ మాస్టారు
అయితే బాడీ సంగతి తేలిపోయింది. చెప్పిన కౌంట్ నిజం. అమ్మిన నాటికి 1/4000 కూడా శుభ్రంగా పడింది. ముప్పై ఏడు వేలు, పెళ్లికి రెండున్నర వేలు వేసుకున్నా పదిహేను పెళ్లిళ్లు. అరిగే సామాను అరిగి పోయింది, అమ్మినాయన ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. షట్టర్ యూనిట్ కొత్తది వేయించుకోవడమే. పాత బాడీ నుంచి తీసిన షట్టర్ వేస్తామంటే ఆ దాత బాడీ కౌంట్ ఎంతో అడగండి.

#13 యానాం గాలి
సరే, షట్టర్ వదిలేస్తా. స్క్రూల సంగతి?

#14 చెరువుగట్టు
అదే అసలు ప్రశ్న. అమ్మినాయన్ని సూటిగా ఒక్కటే అడగండి: ఆ లెన్స్ ఎప్పుడైనా విప్పించారా?

#15 కొబ్బరాకు
అడిగాం. రెండేళ్ల క్రితం బూజు వస్తే విజయవాడలో శుభ్రం చేయించారట. "బాగైపోయింది కదా, కంప్లయింట్ ఎలా అవుతుంది" అంటున్నారు. మెకానిక్ ఇప్పుడు విప్పి తుడిస్తే వెనక గాజు మీద మచ్చ మిగిలింది, టార్చికి ఊదాగా మెరుస్తోంది.

#16 ప్లీడరు వీధి
ఇది షట్టర్ లాంటిది కాదు. ఆయనకి తెలుసు, "ఏ కంప్లయింటూ లేదు" అని రాశారు. బాగైపోయిందన్న నమ్మకం నిజాయతీదే కావచ్చు, అప్పుడది మోసం కాదు, తప్పుడు వివరణ అవుతుంది. అయినా చెప్పిన దానికీ ఇచ్చిన దానికీ తేడా ఉంది కాబట్టి ఆ తేడా మేరకు పరిహారం అడగొచ్చు. అంటే బూజు పట్టి శుభ్రం చేసిన 24-120కి ఆ రోజు మార్కెట్‌లో ఎంత తక్కువ పలుకుతుందో ఆ మొత్తం. 58,000లో సగం కాదు.

ఇంత చిన్న మొత్తానికి దావా దండగ. పెద్దమనుషుల్లో పెట్టండి, లేదా మండల న్యాయసేవా కమిటీలో ప్రీలిటిగేషన్ (దావా వేయకముందే రాజీ కోసం) అర్జీ ఇవ్వండి. ఫీజు లేదు, ఇద్దరూ రాజీ పడితే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం. వాట్సాప్ చాట్‌ని చెరపొద్దు. ఎక్కడైనా చూపించాల్సి వస్తే స్క్రీన్‌షాట్‌కి 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అసలు ఫోన్ దగ్గరే ఉంచుకోవాలి.

#17 చెరువుగట్టు
అమ్మినాయన వైపు ఒక మాట. శుభ్రం చేయించినంత మాత్రాన బూజు గింజలు పోవు, అవి గాలిలోనే ఉంటాయి. ఈ తొమ్మిది నెలలు లెన్స్ ఎక్కడ పెట్టారు? బ్యాగులోనేనా? అయితే కొత్త బూజు వాటా కొన్నాయనది కూడా. ఆ మిగిలిన మచ్చ మాత్రం పాతది. నేనైతే మచ్చకే లెక్క కడతా.

దాచడం గురించి ఎలాగూ మాటొచ్చింది కాబట్టి: గాలి చొరని 10 లీటర్ల డబ్బా, 200 గ్రాముల సిలికా జెల్, లోపల ఒక తేమ మీటరు. ముల్లు 40, 50 మధ్య ఉండాలి. 30 కంటే దిగితే కూడా మంచిది కాదు, లోపలి గ్రీజు ఎండుతుంది. జెల్ రంగు మారితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యంలో పెట్టకండి బాబూ, ఆ తవుడు దుమ్ము రింగుల్లోకి పోతుంది.

#18 గట్టు మీద కెమెరా
ఇలాంటి తగువులో ఇంకో రకం చూపిస్తా. కానన్ 24-105 ఎఫ్/4 మొదటి తరం. దానిలో అపెర్చర్‌కి వెళ్లే రిబ్బన్ కేబుల్ జూమ్ తిప్పినప్పుడల్లా మడత పడి చివరికి చిట్లుతుంది. ఎఫ్/4లో ఫొటో వస్తుంది, ఎఫ్/8 పెడితే ఎర్రర్ 01. అదీ కొన్ని జూముల దగ్గరే. ఎప్పుడూ ఎఫ్/4లో తీసే మనిషికి లోపం ఉన్నట్టే తెలియదు. అలాంటప్పుడు అమ్మినవాణ్ణి దొంగ అనలేం. కొనేటప్పుడు ఎఫ్/11 పెట్టి, 24 నుంచి 105 దాకా ఆగి ఆగి జూమ్ చేస్తూ, ప్రతి చోటా ఒక్కో క్లిక్ కొడితే ఐదు నిమిషాల్లో తేలేది.

#19 ఇసుకలంక
ఎవరైనా రసీదు నమూనా పెట్టండి. మన వాళ్లు అసలు రాసుకోరు, అదీ బాధ.

#20 ప్లీడరు వీధి
ఇలా రాసుకోండి, తెల్లకాగితం చాలు:

"ఫలానా తేదీన ఫలానా బాడీ, సీరియల్ నంబరు ఇంత, లెన్స్, సీరియల్ నంబరు ఇంత, మొత్తం ఇంతకి అమ్మాను. ఈ రోజు షట్టర్ కౌంట్ ఇంత. ఇంతకు ముందు విప్పించినవి, మార్పించినవి, తడిసినవి, పడినవి: (ఉంటే రాయాలి, లేకపోతే 'నాకు తెలిసినంతలో లేవు' అని రాయాలి). కొన్నవారు 1/4000 తెల్లగోడ, ఎఫ్/11 జూమ్, టార్చి పరీక్ష చేసుకున్నారు. 7 రోజుల్లో పనిచేయకపోతే తిరిగి తీసుకుని డబ్బు ఇస్తాను. ఆ తర్వాత అరుగుదలకి నాకు సంబంధం లేదు."

ఇద్దరి సంతకాలు, రెండు కాపీలు. "నాకు తెలిసినంతలో" అన్న ముక్క తీసేయొద్దు, అది ఇద్దరినీ కాపాడుతుంది. డబ్బు ముట్టినట్టు రాసే రసీదు 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద అమ్మినవారు సంతకం పెట్టాలి.

#21 యానాం గాలి
ఏడు రోజులు ఏం సరిపోతాయండి? పదిహేను పెట్టాలి.

#22 షట్టర్ మాస్టారు
పదిహేను రోజులంటే మూఢం ముందు నాలుగు పెళ్లిళ్లు తీసుకుని వెనక్కి తెచ్చిచ్చేస్తారు. ఏడు చాలు.

#23 కొబ్బరాకు
ఆదివారం పాలకొల్లులో కూర్చున్నాం. షట్టర్ ఖర్చు కొన్నాయనదే అని ఒప్పుకున్నారు. లెన్స్ శుభ్రం చేయించిన బిల్లు అమ్మినాయన ఇస్తానన్నారు. మచ్చ కింద తగ్గింపుకి మాత్రం ఆయన 2,000 అంటారు, ఈయన 5,000 అంటారు. రెండో కూర్చోవడం వచ్చే వారం. ఎండకి ఎదురుగా తీసిన ఫొటోలో ఆ మచ్చ వల్ల మెరుపు ఎంత వస్తోందో ఈ లెన్సూ, మచ్చ లేని ఇంకో 24-120 లెన్సూ పక్కపక్కన పెట్టి చూపిద్దామనుకుంటున్నాం. అలా చూస్తే సరిపోతుందా?

#24 చెరువుగట్టు
సరిపోతుంది. రెండూ ఒకే బాడీ మీద, ట్రైపాడ్ మీద, ఎఫ్/4, ఎఫ్/8, ఎఫ్/16 మూడింట్లో తీయండి. సూర్యుడు ఫ్రేము అంచుకి బయట ఉండాలి, లోపల ఉంటే ఏ లెన్స్ అయినా మెరుస్తుంది. మచ్చ వెనక గాజు మీద ఉంది కాబట్టి ఎఫ్/16లో ఎక్కువ తెలుస్తుంది.

#25 ఇసుకలంక
ప్లీడరు గారూ, ఆ రూపాయి స్టాంపు ఎక్కడ దొరుకుతుందండి?

#26 ప్లీడరు వీధి
పోస్టాఫీసులో. ఒకేసారి పది తీసి పర్సులో పెట్టుకోండి. ఈ తేమకి అంటుకుపోతాయి, మధ్యలో బటర్ పేపరు పెట్టండి.